మొహీన్ గుర్రాలు: కలకత్తా పాటలో చిత్తడినేల

వంగసాహిత్యంలో పాటకూ పద్యానికీ నడుమ గోడ ఎన్నడూ ఎత్తుగా లేచినది కాదు. చర్యాపదాలు గానయోగ్యములే. వైష్ణవ పదకర్తలు, శ్యామాసంగీతం రచించిన రామప్రసాద్ సేన్, 1890లో కన్నుమూసిన లాలన్ ఫకీరు, రెండు వేలకు మించిన పాటలు కట్టిన రవీంద్రుడు, వీరందరూ అక్కడ సంగీతచరిత్రకు ఎంత చెందినవారో సాహిత్యచరిత్రకూ అంతే చెందినవారు. కనుక 1975 ప్రాంతంలో దక్షిణ కలకత్తాలో ఏడుగురు యువకులు కూడి స్థాపించిన ఒక గాయకబృందాన్ని గురించి సాహిత్యవ్యాసాల నడుమ చర్చించడం అనుచితం కాబోదు. ఆ బృందం పేరు ‘మొహీనేర్ ఘొడాగులి’, అనగా మొహీన్ గుర్రాలు. నాయకుడు గౌతమ్ చట్టోపాధ్యాయ. బృందం బ్రతికినది కొద్ది సంవత్సరాలే. 1977, 1978, 1979లలో మూడు చిన్న గ్రామఫోను రికార్డులు వెలువడినవి. అన్నీ కలిపినా పట్టుమని పది పాటలు లేవు. ఆనాడు వాటిని కొన్నవారు బహు స్వల్పం. 1981లో బృందం చెదరిపోయినది. ఇంత కొద్ది పంటకు ఇంత గింజబలం ఎక్కడినుండి వచ్చినదన్నది విచారింపదగిన ప్రశ్న.

పేరుతోనే ప్రారంభించవలె. అది జీవనానంద దాసు ‘ఘొడా’ అనే కవితనుండి తీసుకొన్నది. ఆ కవిత 1948 నాటి ‘సాత్‌టి తారార్ తిమిర్’ సంపుటిలో ఉన్నది. కార్తిక మాసపు వెన్నెలలో గుర్రాలు మేస్తున్నవి. అవి శిలాయుగంనుండి నడిచి వచ్చినట్లున్నవి. గడ్డిమీది ఆశతో నేటికీ ఈ భూమి అనే వికృతమైన డైనమో మీద తిరుగుతున్నవి. ఇంతే దృశ్యం. గడ్డి, డైనమో అనే రెండు మాటలు ఒకే ఊపిరిలో పడినవి. జీవనానందుడు బరిసాల్‌లో పుట్టినవాడు. అది నదులూ కాలువలూ చిత్తడినేలలూ అల్లుకొన్న ప్రాంతం. 1954లో కలకత్తాలో ట్రాము ఢీకొని మరణించినాడు. మరుసటి సంవత్సరం ఆయన ‘శ్రేష్ఠ కవిత’కు సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. తడినేలనుండి వచ్చి ట్రాముపట్టాల నగరంలో జీవించిన కవి గుర్రాలను, విద్యుత్ గిటారు పట్టిన యువకులు తమ పేరుగా పెట్టుకొన్నారు. ఆ ఎన్నిక యాదృచ్ఛికమని భావించడానికి వీలులేదు. వారి పాట సైతం డైనమో మీద గడ్డి మేయడానికే ప్రయత్నించినది.

తమ సంగీతానికి వారు పెట్టుకొన్న మరొక పేరు ‘బావుల్ జాజ్’. ఈ జంటపదాన్ని అర్థం చేసుకోవడానికి కొంత దూరం వెళ్ళవలసి ఉన్నది. అమెరికాలోని మిసిసిపీ మైదానంలో, బానిసత్వం చట్టరీత్యా తొలగినా బ్రతుకురీత్యా తొలగని నల్లజాతివారి నడుమ, పందొమ్మిదవ శతాబ్ది చివర ‘బ్లూస్’ అనే పాట పుట్టినది. పత్తిచేలలో ఒంటరిగా పనిచేసేవాడు గొంతెత్తి వేసిన కేక దానికి ఒక మూలమని చెబుతారు. నిర్మాణం మిక్కిలి సులువు: ఒక మాట పాడుతారు, దానినే తిరిగి పాడుతారు, మూడవసారి దానికి జవాబు చెబుతారు, పన్నెండు తాళఖండాలలో అంతా ముగుస్తుంది. స్వరాలలో కొన్ని ఉండవలసిన చోటికి కొంచెం దిగువగా జారి, విచారపు రంగు నిస్తవి. దక్షిణాన లూయిసియానా బురదనేలలలో ఆ పాట మరింత మందగించి, నాచు పట్టిన నీటివలె కదిలినది. ఉత్తరాన నగరాలకు పోయినప్పుడు మారినది. మడ్డీ వాటర్స్, అనగా ‘బురదనీళ్ళు’, అనే పేరుతో ప్రసిద్ధుడైన గాయకుడు 1943లో మిసిసిపీ విడిచి చికాగో చేరి, అక్కడి రొదలో వినిపించడానికై విద్యుత్ గిటారు చేపట్టినాడు. 1950లలో రే చార్ల్స్ వంటివారు ప్రార్థనామందిరపు పాటరీతిని లౌకికప్రేమకు అన్వయించగా ‘సోల్’ అనే రీతి ఏర్పడినది. సోల్ అంటే ఆత్మ. బురదలో వేళ్ళు, గుడిలో గొంతు: ఈ రెండింటి కలయిక ఆ సంగీతానికి ప్రాణం.

బెంగాలుకు ఇది పరాయి కథగా తోచదు. అదీ నదీముఖమే. పడవ ఆటుతోపాటు దిగువకు జారుతున్నప్పుడు, తెడ్డుకు పని లేనందున, సరంగు సాగదీసి పాడే పాట భటియాలి. తెడ్డువేటుకు తగిన లయ గల సారిపాటలు వేరు. భటియాలిలో తాళం సడలిపోతుంది, గొంతు నీటి వెడల్పును కొలుస్తుంది. పత్తిచేని కేకకు దీనికి గల పోలిక సంగీతజ్ఞులకే కాక మామూలు శ్రోతకు సైతం చెవినిపడుతుంది. ఇక ఆత్మను గురించి పాడేవారు బావులులు. ఏకతార, డుబ్కీ, కాలికి గజ్జెలు, దేహమే దేవాలయమనే నమ్మకం. హిందువు, ముసల్మాను అనే వాదులాటకు దూరం. హిందీపాఠకునికి కబీరు నిర్గుణపదాలు, తెలుగుపాఠకునికి తంబుర మీటుతూ తత్త్వాలు పాడే బైరాగి జ్ఞాపకం రాక తప్పదు. తొమ్మిది వాకిళ్ళ ఇల్లు మన తత్త్వాలలో ఎంత పాతదో, పంజరంలోని ఎరుగని పక్షి లాలన్ పాటలో అంత పాతది.

ఈ రెండు నదీముఖాలు ఎక్కడో ఊహలో కలిసినవి కావు. 1967 చివర వెలువడిన బాబ్ డిలన్ రికార్డు ‘జాన్ వెస్లీ హార్డింగ్’ అట్టమీద డిలన్ పక్కన నిలబడిన ఇద్దరు పూర్ణదాస్ బావుల్, లక్ష్మణదాస్. అదే కాలంలో ఆ బావులులు పాడిన పాటలను గార్త్ హడ్సన్ న్యూయార్కు రాష్ట్రంలోని ఒక ఇంటి నేలమాళిగలో ముద్రించగా, అది తరువాత రికార్డుగా వచ్చినది. కలకత్తాలోనైతే నల్లజాతి సంగీతం అంతకు చాలా ముందే స్థిరపడినది. అమెరికా పియానోవిద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ గ్రాండ్ హోటలులో వాయించి, 1945లో కలరాతో ఈ నగరంలోనే మరణించినాడు. ఆయన తరువాత పార్కువీధి భోజనశాలలలో ఆంగ్లో‌-ఇండియన్, గోవా కళాకారులు ఆ దీపం ఆరనివ్వలేదు. అయితే ఆ దీపం వెలుగు పార్కువీధి దాటి వంగభాషలోకి రాలేదు. పాటలు ఇంగ్లీషువి, శ్రోతలు వేరు. బావులులో, శాంతినికేతనం చుట్టూ, కెందులి సంక్రాంతి తిరునాళ్ళలో వినబడుతూ, నగరవాసికి సెలవునాటి వినోదంగా మిగిలినారు. మొహీన్ గుర్రాలు చేసిన పని ఈ రెంటినీ వంగభాష అనే మూడవ చోట నిలబెట్టడం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవలసి ఉన్నది. బ్లూస్ నల్లజాతివారి దుఃఖం. బావులుగీతం భిక్షుకుని వైరాగ్యం. చదువుకొన్న మధ్యతరగతి యువకులు ఈ రెండు దుఃఖాలను అరువు తెచ్చుకొని, గిటారు, సాక్సఫోను, వయొలిన్, వేణువు జోడించి పాడితే, వారి సొంత దుఃఖం ఏది? ఈ ప్రశ్న తేలికది కాదు. ఆనాడు ఆ పాటలను ‘అపసంస్కృతి’ అని తోసిపుచ్చినవారు దీనిని మోటుగా అడిగినారు. నేటి అభిమానులు అసలు అడగడమే మానినారు. రెండూ సరికావు. గౌతమ్ నక్సల్బరీ రాజకీయాలలో పాల్గొని, జైలుకు వెళ్ళి, కొంతకాలం బెంగాలుకు వెలుపల ఉండవలసి వచ్చినవాడు. ఈ సంగతి జవాబని కొందరు భావిస్తారు. జీవితచరిత్ర పాటకు జామీను కాజాలదు. జవాబు పాటలోనే వెదకవలె.

1977 రికార్డులోని ‘హాయ్ భాలొబాసి’ అందుకు తగిన పాట. తెలుగుచెవికి ఈ పేరులో ఒక చిక్కున్నది: వంగంలో ‘హాయ్’ అంటే అయ్యో, తెలుగులో హాయి అంటే సుఖం. విచిత్రమేమంటే ఆ పొరపాటు వినికిడి సైతం పాటకు పూర్తిగా విరుద్ధం కాదు. పాట మొదట అంతా ఇష్టాల జాబితా. వెన్నెలలో రెల్లుపొదల నడుమ పరుగెత్తడం ఇష్టం, నీడలు పరచుకొన్న మట్టిదారిలో నడవడం ఇష్టం. తరువాత నగరపు ఇష్టాలు వస్తవి: పికాసో, బునుయేల్, దాంతే, బీటిల్స్, డిలన్, బీథోవెన్, వారి వెంట రవిశంకర్, అలీ అక్బర్. ఈ పేర్ల వరుసను చూచి ప్రదర్శనాభిలాష అని నవ్వినవారున్నారు. నవ్వుకు చోటు లేకపోలేదు. కాఫీ హవుసు బల్లమీది సంభాషణ అచ్చంగా ఇట్లే ఉంటుంది. కాని పాటకు ఆ సంగతి తెలుసు. ప్రతి జాబితా అనంతరం ‘ఎందుకో ఏదీ బాగోలేదు’ అనే భావం తిరిగి తిరిగి వస్తుంది. విషాదం ఎక్కడో దాగి ఉన్నది, ఎక్కడున్నదో తెలియదు. బ్లూస్‌లో ఒకే మాట రెండుసార్లు చెప్పి మూడవసారి జవాబు చెప్పినట్లే, ఇక్కడ ఇష్టాలు రెండు విడతలు గడచిన పిదప జవాబు వస్తుంది. పల్లెలలో, రేవులలో వారు పనిచేస్తూ ఉండడం, పొలాలలో చెమటోడ్చి పంట పండించడం కంటబడినప్పుడు తక్కిన ఇష్టాలన్నీ చప్పబడిపోతున్నవి. అప్పుడు మంచిరోజును దగ్గరకు రమ్మని పిలుపు.

ఈ జవాబులో వంగపాఠకునికి రవీంద్రుని చివరి కాలపు ‘ఒరా కాజ్ కరే’ కవిత ప్రతిధ్వనిస్తుంది. 1941 నాటి ‘ఆరోగ్య’ సంపుటిలోనిది అది. రాజ్యాలు పోతవి, శ్రామికులు పనిచేస్తూనే ఉంటారన్నది అందలి భావం. తెలుగులో, చరిత్రకెక్కని శ్రమజీవులను గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్నలు స్ఫురిస్తవి. కాని స్వరం వేరు. రవీంద్రుడు కాలప్రవాహాన్ని ఎత్తునుండి చూచినాడు; శ్రీశ్రీ నిలదీసినాడు; ఈ పాటలోని యువకుడు కేవలం సిగ్గుపడుతున్నాడు. ‘వారు’ అన్నాడేగాని ‘మేము’ అనలేదు. ఆ సర్వనామంలోనే పైని ఆక్షేపణకు సమాధానం ఉన్నది. అతడు పత్తిచేని కూలీ దుఃఖాన్ని తనదని చెప్పుకోలేదు. ఆ దుఃఖానికి బయట నిలబడినవాడి అశాంతి తన సొంతమని చెప్పుకొన్నాడు. అరువు తెచ్చుకొన్నది బాణీని మాత్రమే, బాధను కాదు. ఈ నిజాయితీవల్లనే పాట నిలిచినదనవలె. ముగింపులో మంచిరోజుకు ఇచ్చిన పిలుపు మాత్రం బలహీనమైనది. అంతదాకా తనను తాను శంకించుకొన్న గొంతు అక్కడ సభలో గొంతువలె మారుతుంది.

ఆ రికార్డు పేరే ఒక చిన్న సాహిత్యకృతి: ‘సంవిగ్న పాఖికుల్ ఓ కలకాతా విషయక్’. కలత చెందిన పక్షికులం, మరియు కలకత్తాను గూర్చి. మొదటి సగం సంస్కృతకావ్యం, రెండవ సగం సర్కారు దస్త్రం మీది శీర్షిక. పక్షులపాటలో ఒక నిర్మానుష్యమైన విమానాశ్రయం కనబడుతుంది. పరుగుబాట మీద శూన్యం పరచుకొన్నది, మేఘం ఆగిపోయినది, రాడారు సోమరిగా ఉన్నది, ఎన్నాళ్ళనుండో విమానం దిగలేదు, పిచ్చిమొక్కలు మొలిచినవి. పక్షులు మాత్రం కొంచెం సుఖంగా ఉన్నవి. దమ్‌దమ్‌కు ఒకప్పుడు విరివిగా వచ్చిన విదేశీవిమానాలు 1960ల తరువాత క్రమంగా తగ్గిపోయిన సంగతి తెలిసినవారికి ఇది కల్పనగా మాత్రమే తోచదు. ‘రన్‌వే’, ‘రాడార్’ అనే మాటలు ‘వేదనావిధుర’ వంటి తత్సమాల పక్కన కూర్చున్నవి, ఇబ్బంది పడకుండా. డైనమో మీది గడ్డి మరల మొలిచినదన్నమాట. లాలన్ పంజరంలోని ఒంటరిపక్షి ఇక్కడ నగరం మీద గుంపుగా ఎగిరినదని చదువుకొంటే, కర్తల ఉద్దేశం ఏమైనా, పాటకు లోతు పెరుగుతుందే గాని తరగదు.

1978 రికార్డు పేరు ‘అజానా ఉడంత బస్తు బా అ-ఉ-బ’. ఇంగ్లీషులో మూడు అక్షరాలతో చెప్పే ఎగిరేపళ్ళేన్ని వంగంలోకి అక్షరాలా మార్చి, ఆ మార్పునే మరల పొడి అక్షరాలు చేసి, ఆ అక్షరాలు పిల్లల కేకవలె వినిపించేట్లు చేసినారు. పారిభాషికపదాల సంఘాలలో కూర్చున్నవారు ఈ హాస్యాన్ని బాగా ఆస్వాదిస్తారు. 1979 నాటి ‘చైత్రేర్ కాఫన్’ మరొక రకం. చైత్రం సంస్కృతమాసం, కఫను అరబ్బీనుండి వచ్చిన మాట, శవం మీది గుడ్డ. వసంతానికి శవవస్త్రం. హిందీపాఠకునికి ‘కఫన్’ అనగానే 1936 నాటి ప్రేమ్‌చంద్ కథ, అందులోని తండ్రీకొడుకులు కళ్ళముందు నిలుస్తారు. తెలుగులో ‘చైత్రపు శవవస్త్రం’ అంటే వ్యాకరణం నిలుస్తుంది, బిగువు పోతుంది. రెండు మతాల మాటలు ఒక సమాసంలో కౌగిలించుకోవడమే ఆ పేరులోని అందం. బావుల్ మార్గమూ అదే.

బృందం చెదరిన తరువాత గౌతమ్ సినిమావైపు వెళ్ళి, 1983లో ‘నాగ్‌మతి’ తీసినాడు. దానికి ఉత్తమ వంగచిత్రంగా జాతీయపురస్కారం వచ్చినది. 1995 కలకత్తా పుస్తకప్రదర్శనలో ‘ఆబార్ బఛర్ కుడి పరే’ అనే సంపుటం వెలువడినది: మరల ఇరవై యేండ్ల తరువాత. ఈ పేరూ జీవనానందుని కవితనుండే. పాడినవారు ఎక్కువగా కొత్తతరంవారు. అట్టమీద ‘మొహీనేర్ ఘొడాగులి సంపాదిత’ అని ఉన్నది. పాటల సంపుటానికి ‘సంపాదకత్వం’ అనే మాటను ఇట్లు వాడడం గమనింపదగినది. కలకత్తా చిన్నపత్రికల నగరం; నాలుగు కాగితాల పత్రికకు సైతం అక్కడ సంపాదకుడు ఉంటాడు, ఆయన చుట్టూ ఒక గోష్ఠి ఉంటుంది. గౌతమ్ తన పేరును గాయకుడుగా కాక సంపాదకుడుగా నిలిపి, రికార్డును చిన్నపత్రికగా మార్చినాడు. పుస్తకప్రదర్శనలో అమ్మడం కూడా ఆ భావానికి తగినదే. 1999 జూన్‌లో ఆయన మరణించేలోపల ఇట్టి సంపుటాలు మరి మూడు వచ్చినవి. చివరిదాని పేరు ‘ఖ్యాపార్ గాన్’, వెర్రివాని పాట. బావులులు తమను తాము పిలుచుకొనే పేరే ఖ్యాపా.

ఇరవై యేండ్ల తరువాతి గొంతులు మొదటి గొంతులకంటె నునుపైనవి, ముద్రణ శుభ్రమైనది. ఇది లాభమో నష్టమో చెప్పడం కష్టమంటారు కొందరు. నిజానికి అంత కష్టం కాదు. బురద కడిగివేసిన కొలదీ ఈ పాటలకు నష్టమే. 1977 రికార్డులో వయొలిన్ కొంచెం గీరుకొంటున్నప్పుడు కలిగే అశాంతి తరువాతి శుభ్రతలో లేదు. సంపాదిత సంపుటాలు సంపాదించిపెట్టినది శ్రోతలను. ఆ మేరకు వాటికి ఋణపడవలె.

1995 సంపుటంలో అందరికీ తెలిసిన పాట భూమి చిన్నదైపోవడాన్ని గురించినది. ఉపగ్రహాలు, కేబులుతీగలు చేతికి వచ్చిన కాలం. లోకం కుంచించుకొని డ్రాయింగురూములోని మూర్ఖపు పెట్టెలో బందీ అయినది. దేశకాలాల గిరులు చెరిగినవి. నక్షత్రాలు ఎన్ని కాంతిసంవత్సరాల దూరాన ఉన్నవో అంతకంటె దూరానికి నీవూ నేనూ క్రమంగా జరిగిపోతున్నాము. ఇంటింటికీ కేబులు వచ్చిన తొలి సంవత్సరాలలోనే ఇట్టి ఆలోచన పాటగా కుదరడం విశేషం. సాంకేతికపదాలతో మొదలై విరహంలో ముగియడం, బురదనుండి ఆత్మకు పోవడమే.

2006లో ‘గ్యాంగ్‌స్టర్’ అనే హిందీచిత్రంలో ఈ బాణీ మరల వినిపించినది. బంగ్లాదేశ్ గాయకుడు జేమ్స్ పాడగా దేశమంతా మారుమ్రోగినది. జేమ్స్ గొంతులో గరుకుదనం ఉన్నది. ఆ విషయంలో 1995 ముద్రణకంటె హిందీపాటే మూలప్రకృతికి దగ్గర. మాటలు మాత్రం పూర్తిగా వేరు. తడిసిన రాత్రులు, ఏకాంతం, ప్రియురాలి తలపు వచ్చినవి. ఉపగ్రహం, తీగ, పెట్టె పోయినవి. దూరం మిగిలినది, దూరానికి కారణం పోయినది. సినిమాకు తగిన పాట వ్రాయడమే అక్కడి కవి పని, అతనిని నిందించరాదు. కాని ఈనాడు హిందీప్రాంతంలో లక్షలమందికి ఆ బాణీ కేవలం విరహగీతం. భాషాంతరీకరణంలో ఇట్టి నష్టం కంటబడదు. ఎందుకంటే మూలాన్ని పక్కన పెట్టి చూచేవారు అరుదు. తప్పుతర్జుమాను ఎత్తిచూపవచ్చును, అసలు తర్జుమాయే లేనప్పుడు దేనిని ఎత్తిచూపవలె?

‘హాయ్ భాలొబాసి’ని తెలుగు చేయబూనినవారికి మరొక రకమైన చిక్కు ఎదురవుతుంది. మూలంలో రెండు క్రియలు నడుస్తవి: ‘భాలొబాసి’, అనగా ప్రేమిస్తాను, ‘భాలొ లాగే నా’, అనగా బాగనిపించదు. రెండింటి మొదటా ‘భాలొ’ ఉన్నది. ఒకే ‘మంచి’ ఒకచోట ప్రేమగా, మరొకచోట వెగటుగా మారుతున్నది. పాటకు ఇరుసు ఇదే. హిందీలో ఒకటి ‘ప్యార్’, రెండవది ‘అచ్ఛా నహీఁ లగ్‌తా’ అయి, ఇరుసు విరుగుతుంది. తెలుగులో ‘ప్రేమ’ అంటే అదే గతి. ‘ఇష్టం’ అనే మాట చేపడితే కొంత మేలు: వెన్నెలలో పరుగు ఇష్టం, పికాసో ఇష్టం, అయినా ఏదీ ఇష్టంగా లేదు. కాని తెలుగు ‘ఇష్టం’లో వంట ఇష్టం, చొక్కా ఇష్టం అనే చులకన ఉన్నది; ‘భాలొబాసా’లోని బరువు దానికి లేదు. ‘మనసు’ను ఆశ్రయిస్తే? అన్నిటిమీదా మనసే, దేనిమీదా మనసు లేదు. ఇది తెలుగు, పైగా తంబుర మీద పాడదగిన తెలుగు, తత్త్వాలలోని మాట. జాబితాలోని బునుయేల్, దాంతేలు ఆ తంబుర పక్కన ఎట్లా కూర్చుంటారో పాడి చూస్తే గాని తెలియదు.